శాలువా కప్పని సన్మానం: డేటా నిపుణులకు కంపెనీలు ఇచ్చే బిరుదుల వెనక ఏముంది?

మన ఊరి అమ్మాయికో కుర్రాడికో ‘మైక్రోసాఫ్ట్ ఎంవీపీ’ (మోస్ట్ వాల్యుబుల్ ప్రొఫెషనల్) వచ్చిందనో, ‘ట్యాబ్లో విజనరీ’ అయ్యారనో లింక్డ్‌ఇన్‌లో పోస్టు పడగానే ఆఫీసువాళ్లు కంగ్రాట్స్ అని రాసి తమ పని తాము చూసుకుంటారు. అసలు ప్రశ్న అడిగేది ఇంట్లోవాళ్లే. “అవార్డంటే ఏటిరా, డబ్బులేమైనా ఇస్తారేటి? ఉద్యోగం ఆ కంపెనీలోనేనా?” అని గాజువాకలోనో మర్రిపాలెంలోనో ఉన్న బాబాయి అడిగితే చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. నవ్వాల్సిన ప్రశ్న కాదది. డబ్బులివ్వరు. ఉద్యోగమూ ఆ కంపెనీలో కాదు. అసలు మైక్రోసాఫ్ట్ ఉద్యోగులకు ఎంవీపీ ఇవ్వనే ఇవ్వరు. మరి జీతం లేని, పదవి లేని ఈ బిరుదును కంపెనీ ఎందుకు ఇస్తోంది, తీసుకున్నవాళ్లు ఎందుకంత మురిసిపోతున్నారు?

విశాఖలో ఇప్పుడు ఈ విషయం తెలుసుకోవడం అవసరమే. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ ఇక్కడ ఆఫీసు తెరిచింది. 2025లో రుషికొండ ఐటీ హిల్ మీద టీసీఎస్‌కు 21.16 ఎకరాలను నామమాత్రంగా 99 పైసలకు కేటాయించారు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఇక్కడ ఏఐ హబ్ పెడతామని ప్రకటించింది. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో డేటా అనలిటిక్స్ బ్యాచ్‌లు నడుస్తున్నాయి. రెజ్యూమెల్లో బిరుదులు పెరుగుతాయి. వాటిని చదవడం రాకపోతే ఉద్యోగం ఇచ్చేవాళ్లూ, వెతుక్కునేవాళ్లూ ఇద్దరూ నష్టపోతారు.

పేర్లకైతే కొదవలేదు. స్నోఫ్లేక్ ‘డేటా సూపర్‌హీరో’ అంటుంది, ఆల్టరిక్స్ ‘ఏస్’ అంటుంది, క్లిక్ ‘లూమినరీ’ అంటుంది, ఐబీఎం ‘ఛాంపియన్’ అంటుంది, అమెజాన్ క్లౌడ్ విభాగం ‘హీరో’ అంటుంది. స్ప్లంక్ కంపెనీ ఏకంగా కుచ్చు టోపీ పెడుతుంది. మనం అనుకునే అర్థంలో కాదు లెండి, నిజంగానే కుచ్చు ఉన్న ఫెజ్ టోపీ. దాని వార్షిక సమావేశంలో ఆ టోపీ కనిపిస్తే ‘స్ప్లంక్ ట్రస్ట్’ సభ్యుడని గుర్తు.

పేర్లు పక్కన పెట్టి చూస్తే వీటిలో నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. బయటివాళ్లు తోటి వినియోగదారులకు చేసిన సాయానికి ఇచ్చేవి కొన్ని. సొంత ఉద్యోగుల ఆవిష్కరణకు ఇచ్చేవి కొన్ని. పోటీ పెట్టి గెలిచినవాళ్లకు ఇచ్చేవి ఇంకొన్ని. నాలుగోది, సాఫ్ట్‌వేర్ కొన్న సంస్థలకు ఇచ్చే కస్టమర్ అవార్డులు. ఇవి చాలావరకు ‘మా సరుకు వాడి వీళ్లెంత బాగుపడ్డారో చూడండి’ అని మిగతా కొనుగోలుదారులకు చెప్పే మార్కెటింగే. వాటి గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు. తికమకంతా మొదటి మూడింటితోనే.

మొదటి రకానికి మూలం వెతికితే 1990ల తొలినాళ్లకు వెళ్లాలి. ఇంటర్నెట్ ఇంకా ఇళ్లలోకి రాలేదు. అమెరికాలో కంప్యూసర్వ్ అనే డయల్-అప్ సర్వీసులో మైక్రోసాఫ్ట్ ఉత్పత్తుల మీద ప్రశ్నలూ జవాబులూ నడిచేవి. కాల్విన్ సియా అనే డెవలపర్ అక్కడ ఎవరెన్ని మెసేజీలు రాశారో లెక్కగట్టి ఒక జాబితా తయారు చేశాడు. కంపెనీ సపోర్టు సిబ్బందితో పాటు పైసా జీతం లేని బయటివాళ్లూ అందులో ఉన్నారు. మైక్రోసాఫ్ట్‌లో కొందరు దాన్ని సరదాగా వాగుడుకాయల లిస్టు అనేవారట. ఆ లిస్టు నుంచే 1993లో ఎంవీపీ పుట్టింది.

అంటే ఈ రోజు డేటా నిపుణులకు దక్కుతున్న పెద్ద గౌరవం మొదలైందే ఒక చిన్నపాటి డేటా అనలిటిక్స్‌తో. అప్పుడు లెక్కపెట్టడానికి వీలైంది మెసేజీల సంఖ్య, దాన్నే లెక్కపెట్టారు. ఒక్క వాక్యంలో సమస్య తేల్చేసినవాడి కన్నా పది వాక్యాలు పదిసార్లు రాసినవాడు పైన ఉంటాడని ఎవరికైనా తడుతుంది. తర్వాత కొలతలు మారాయి. గత 12 నెలల్లో చేసిన పనులను చూస్తారు. ఏం రాశారు, ఎక్కడ మాట్లాడారు, ఏ ఉచిత టూల్ తయారు చేశారు, ఎంతమందికి చేరింది, పనికొచ్చిందా అని పరిశీలిస్తారు. అయినా మూలంలోని స్వభావం పోలేదు. పదిమందికీ కనపడే పనే లెక్కలోకి వస్తుంది.

గుర్తింపు ఏడాదికే. పని ఆగిపోతే మరుసటి ఏడాది రెన్యూ కాదు. బహుమతిగా ఒక గాజు జ్ఞాపిక ఇస్తారు, ఏటేటా దానికి ఆ సంవత్సరం బిళ్ల ఒకటి చేరుతుంది. షెల్ఫు మీద ఉన్న బిళ్లలు చూస్తే ఆ మనిషి ఎన్నేళ్లుగా ఉన్నాడో తెలిసిపోతుంది. విజువల్ స్టూడియో ఎంటర్‌ప్రైజ్ సబ్‌స్క్రిప్షన్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌ను వాడుకోవడానికి క్రెడిట్లు వస్తాయి. వీటన్నిటికన్నా విలువైనది ఎన్డీఏ, అంటే రహస్యాలు బయటపెట్టనన్న ఒప్పందం. దాని మీద సంతకం పెట్టాక ఇంకా బయటకు రాని ఫీచర్లను చూడొచ్చు, వాటిని తయారు చేస్తున్న ఇంజినీర్లతో నేరుగా మాట్లాడొచ్చు, ‘ఇది ఇలా ఉంటే మా దగ్గర ఎవరూ వాడరు’ అని మొహం మీదే చెప్పొచ్చు. సాఫ్ట్‌వేర్ ప్రేమికులకు అంతకన్నా ఏం కావాలి!

ట్యాబ్లోది కాస్త వేరే పోకడ. స్టాన్‌ఫర్డ్ పరిశోధనలోంచి 2003లో పుట్టిన, డేటాను బొమ్మల్లో చూపే సాఫ్ట్‌వేర్ కంపెనీ అది. వ్యవస్థాపకుల్లో ఒకరైన ప్యాట్ హాన్రహన్‌కు కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో చేసిన కృషికి కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు (2019) వచ్చింది. అదే ఏడాది ట్యాబ్లోను సేల్స్‌ఫోర్స్ 1,570 కోట్ల డాలర్లకు కొనేసింది. 2012లో ‘జెన్ మాస్టర్’గా మొదలైన వాళ్ల బిరుదు 2022 నుంచి ‘విజనరీ’ అయింది. చూసేవి మూడు. టూల్ మీద పట్టు ఉండాలి, నేర్పే గుణం ఉండాలి, ఇతరులతో కలిసి పనిచేయాలి. ఎంత గొప్ప డాష్‌బోర్డు కట్టినా దాన్ని తన ల్యాప్‌టాప్‌లోనే దాచుకున్నవాళ్లకు ఇందులో చోటు లేదు. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఇన్నొవేటర్ అని ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా, ఈ తరహా సత్కారాలు కొలిచేది ప్రధానంగా నేర్పడాన్ని. కొత్తది కనిపెట్టడాన్ని అంతగా కొలవవు.

ఆ నేర్పడం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూద్దాం. విశాఖ నుంచి రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో పవర్ బీఐ (అంకెలను పట్టికలుగా, చార్టులుగా చూపే మైక్రోసాఫ్ట్ టూల్) రిపోర్టు ఉందనుకుందాం. ఏప్రిల్‌లో 40 మంది కొనుగోలుదారులు, మేలో 35 మంది, జూన్‌లో 42 మంది. కింద టోటల్ లైనులో 117 ఉండాలి కదా, 58 అని ఉంది. మీటింగులో మేనేజరుగారు క్యాలిక్యులేటర్ తీసి ‘రిపోర్టు తప్పమ్మా’ అంటారు. చేసినమ్మాయికి టెన్షన్. రాత్రి పదకొండింటికి నెట్‌లో వెతుకుతుంది. ఎక్కడో ఒకాయన రెండేళ్ల కిందట రాసిన వివరణ దొరుకుతుంది. టోటల్ లైను తన పైనున్న గడులను కూడదు. నెల అనే ఫిల్టర్ తీసేసి, అదే లెక్కను మూడు నెలలకూ కలిపి మళ్లీ మొదటినుంచి వేస్తుంది. మూడు నెలల్లోనూ సరుకు కొన్న దుబాయ్ వ్యాపారి పై మూడు గడుల్లోనూ ఉన్నాడు, కింద మాత్రం ఒక్కడే. కాబట్టి 58 సరైన అంకే.

మంచి వివరణ అక్కడితో ఆగదు. ‘మీక్కావలసింది విడివిడి మనుషుల సంఖ్యా, లేక నెలనెలా జరిగిన పని మొత్తమా?’ అని అడుగుతుంది. నెలవారీ ఇన్సెంటివ్ లెక్కలాంటిదైతే నెలల మొత్తమే కావాలి. అప్పుడు నెలల జాబితా మీద సమ్‌ఎక్స్ (ఒక్కో నెలకూ విడిగా లెక్కవేసి కూడే ఫంక్షన్) తిప్పి కూడాలి. ఏది కావాలో సాఫ్ట్‌వేర్‌కు తెలీదు, రిపోర్టు చేసే మనిషికి తెలియాలి. మర్నాడు ఆ అమ్మాయి మేనేజరు దగ్గరికి వెళ్లి, ‘సర్, అంకె కరెక్టే, ప్రశ్నే రెండు రకాలుగా ఉంది’ అని చెప్పగలుగుతుంది. ఇందులో కొత్తగా కనిపెట్టింది ఏదీ లేదు. ఆ వివరణ లేకపోతే మాత్రం కొన్ని వేల ఆఫీసుల్లో కొన్ని వేలమంది ఇదే గుంటలో పడతారు. కంపెనీలు బిరుదులిచ్చేది ఇలాంటి పనికే.

కంపెనీకి మిగిలేదేమిటో ఇప్పుడు ఊహించడం కష్టం కాదు. ఆ అమ్మాయి సపోర్టుకు ఫోన్ చేయలేదు. విసిగిపోయి వేరే టూల్‌కు మారలేదు. కంపెనీ ప్రకటనను నమ్మనివాళ్లు కూడా పని తెలిసిన మూడో మనిషి మాటను నమ్ముతారు. ఇదంతా ఒక గాజు బొమ్మకూ, కొన్ని లైసెన్సులకూ దొరుకుతోంది. అందుకే ఇది శ్రమదోపిడీ కాదా అనే ప్రశ్న ఎప్పటినుంచో ఉంది. 1999లో అమెరికా ఆన్‌లైన్ (ఏఓఎల్) అనే ఇంటర్నెట్ కంపెనీ మీద దాని సొంత వాలంటీర్లే జీతం కోసం కోర్టుకెక్కారు. చాట్ రూములు నడిపి, కొత్తవాళ్లకు సాయం చేసి, గంటల లెక్కన పని చేశాం కాబట్టి మేం ఉద్యోగులమేనని వాళ్ల వాదన. ఆ గొడవ చూసి భయపడిన మైక్రోసాఫ్ట్ అదే ఏడాది అక్టోబరులో ఎంవీపీ కార్యక్రమాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. వెల్లువలా ఈమెయిళ్లు రావడంతో మూడు రోజుల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఏఓఎల్ కేసు 2010లో కోటిన్నర డాలర్లతో రాజీ అయింది. రెండు కంపెనీలూ జీతం ఇవ్వకుండానే పని పొందాయి. తేడా ఎక్కడంటే, ఏఓఎల్‌లో షిఫ్టులూ రిపోర్టులూ ఉండేవి. ఎంవీపీలో చేసేసిన పనికి తర్వాత గుర్తింపు వస్తుంది, ఫలానాది చెయ్యమని ముందుగా ఎవరూ చెప్పరు. ఈ తేడా చట్టానికి పనికొస్తుందేమో గానీ, రాత్రి పదకొండింటికి కూర్చుని రాసే మనిషికి అది పెద్దగా కనపడదు.

ఇంకో చిక్కూ ఉంది. ఎన్డీఏ కింద ముందుగా అన్నీ చూసే మనిషి, ఏటేటా రెన్యూ కావలసిన మనిషి, ఆ సాఫ్ట్‌వేర్ లోపాలను ఎంత గట్టిగా చెప్పగలడు? చెప్పేవాళ్లున్నారు, కొందరైతే బాగా ఘాటుగానే చెబుతారు. అయినా బిరుదున్న మనిషి రెండు కంపెనీల టూల్స్‌ని పోల్చి రాసిన వ్యాసాన్ని, ఆ బిరుదు ఎవరిచ్చారో చూసుకునే చదవాలి.

ఇక కంపెనీల లోపల జరిగే సన్మానాల సంగతి. ఐబీఎంలో థామస్ వాట్సన్ జూనియర్ 1962లో ‘ఐబీఎం ఫెలో’ పదవి పెట్టాడు. దక్కినవాళ్లకు తమకు నచ్చిన పరిశోధన చేసుకునే స్వేచ్ఛ ఉంటుంది. డేటా రంగంలో దీనికి మించిన ఉదాహరణ ఎడ్గర్ కాడ్. డేటాను పట్టికలుగా, వాటి మధ్య సంబంధాలుగా చూడాలని ఆయన 1970లో ఒక పరిశోధన పత్రం రాశాడు. ఇవాళ మనం రాసే ప్రతి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష) క్వెరీకీ అదే పునాది. ఐబీఎంకు మాత్రం అప్పటికే ఐఎంఎస్ అనే పాతరకం డేటాబేస్ మీద బాగా డబ్బొస్తోంది, కొత్త ఆలోచనతో దాన్ని చెడగొట్టుకోవడానికి తొందరేం పడలేదు. 1976లో కాడ్‌ను ఫెలోను చేశారు. సరుకు మాత్రం రాలేదు. ఈలోగా 1977లో ల్యారీ ఎల్లిసన్, ఆయన మిత్రులు ఒక చిన్న కంపెనీ పెట్టి, ఐబీఎం ప్రచురించిన పత్రాలు చదివి, 1979లో ఒరాకిల్ డేటాబేస్‌ను మార్కెట్‌లో పెట్టేశారు. ఐబీఎం సొంత ఎస్‌క్యూఎల్/డీఎస్ 1981లో వచ్చింది. ఆ ఏడాదే కాడ్‌కు ట్యూరింగ్ అవార్డూ వచ్చింది. మనిషిని నెత్తిన పెట్టుకుని, ఆలోచనను అల్మరాలో పెట్టారన్నమాట.

పోటీల్లోనూ ఇలాంటి కథే ఉంది. సినిమాకు వినియోగదారుడు ఎన్ని స్టార్లిస్తాడో తమ పద్ధతి కన్నా 10 శాతం మెరుగ్గా ఊహించినవాళ్లకు పది లక్షల డాలర్లిస్తామని 2006లో నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. సుమారు 4.8 లక్షల మంది, 17,770 సినిమాలకు ఇచ్చిన పది కోట్లకు పైగా రేటింగులను బయట పెట్టింది. మూడేళ్లు నడిచింది. చివర్లో రెండు జట్లు సరిసమానంగా నిలిస్తే, ఇరవై నిమిషాలు ముందు పంపిన జట్టుకు 2009లో బహుమతి దక్కింది. అంత కష్టపడి గెలిచిన ఆ మొత్తం పద్ధతిని నెట్‌ఫ్లిక్స్ వాడలేదు. చివరి పిసరు మెరుగుదల కోసం దాన్ని నిజం సర్వర్ల మీద నడిపే శ్రమ గిట్టుబాటు కాదని తేల్చింది. మధ్యలో ఒక ప్రోగ్రెస్ ప్రైజు గెలిచిన పద్ధతిలోంచి రెండు భాగాలను మాత్రం వాడుకుంది. పేర్లు తీసేసి ఇచ్చిన ఆ రేటింగులను ఐఎండీబీ అనే సినిమా సైట్‌లోని బహిరంగ రేటింగులతో పోల్చి కొందరు వ్యక్తులను గుర్తుపట్టొచ్చని టెక్సస్ పరిశోధకులిద్దరు చూపించారు. దాంతో గొడవ ముదిరి, 2010లో రెండో పోటీనే రద్దు చేశారు. బహుమతి మాత్రం దండగ కాలేదనే నా అభిప్రాయం. అల్గారిథమ్‌కు ఒక్క అంకె స్కోరిస్తే ఎన్ని సంగతులు ఆ అంకెకు అందకుండా పోతాయో దాని వల్లే అందరికీ తెలిసింది.

సత్కారం వల్ల పని పెరుగుతుందా? ఎలా ఇచ్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. జానా గ్యాలస్ అనే పరిశోధకురాలు జర్మన్ వికీపీడియాలో కొత్తగా చేరిన సుమారు 4,000 మంది మీద ప్రయోగం చేసింది. లాటరీ తీసినట్టు ఎంచిన కొందరికి రూపాయి విలువ లేని ఒక బ్యాడ్జి ఇచ్చారు. మరుసటి నెల వాళ్లలో రాస్తూ కొనసాగినవాళ్లు మిగతావాళ్ల కన్నా 20 శాతం ఎక్కువ. దీనికి పూర్తి విరుద్ధం గూగుల్ అనుభవం. 2004లో ‘ఫౌండర్స్ అవార్డ్స్’ పేరుతో రెండు బృందాలకు 1.2 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చింది. అందనివాళ్లు ఊరుకుంటారా? సంతోషం కన్నా అలకలే ఎక్కువయ్యాయి, తర్వాత కంపెనీ ఆ పద్ధతి నుంచి తప్పుకుంది.

మన ఊరి దగ్గరికొస్తే అసలు అడ్డంకి వేరే ఉంది. ఇక్కడి అనలిస్టుల్లో చాలామంది పనిచేసేది విదేశీ క్లయింట్ల డేటా మీద. బ్యాంకు లావాదేవీలు, ఇన్సూరెన్స్ క్లెయిములు. ఒక్క స్క్రీన్‌షాట్ కూడా బయటపెట్టడానికి వీల్లేదు. మూడు నెలలు కూర్చుని, ఒకే కస్టమర్ పేరు పదకొండు రకాలుగా పడి ఉన్న టేబుల్‌ను శుభ్రం చేసినవాళ్ల పేరు ఏ బిరుదుల జాబితాలోనూ కనపడదు. ఆ టేబుల్ మీద అందమైన మ్యాపు గీసినవాళ్ల పేరే కనపడుతుంది. ఇది అన్యాయమే, దాన్ని దాటే దారి మాత్రం లేకపోలేదు. కేంద్రం నడిపే డేటా.గవ్.ఇన్‌లోని పట్టికలు, వాతావరణ శాఖ వర్షపాతం అంకెలు, పోర్టు ప్రచురించే సరుకు రవాణా లెక్కలు ఎవరైనా వాడుకోవచ్చు. ఆఫీసులో నేర్చుకున్న కిటుకును ఈ అంకెల మీద చూపిస్తే ఏ ఎన్డీఏకూ భంగం లేదు.

విశాఖలో కూర్చుని డేటా గౌరవాల గురించి రాస్తూ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారిని తలుచుకోకపోతే ఎలా? ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదువుకుని కలకత్తా వెళ్లారు. 1945లో, పాతికేళ్ల వయసులో, కలకత్తా గణిత సంఘం పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఉన్న డేటాతో ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో, ఏ హద్దు దాటి మెరుగుపడలేదో చెప్పే క్రామర్-రావు సూత్రం అందులోదే. ఆ కృషికి స్టాటిస్టిక్స్ అంతర్జాతీయ బహుమతి 2023లో వచ్చింది, అప్పటికి ఆయన వయసు 102. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. గత 12 నెలల్లో ఎంతమందికి చేరిందని చూసే తూకంలో 1945 నాటి ఆ వ్యాసం ఎంత తూగేదో మీరే ఊహించుకోండి. కంపెనీ బిరుదులను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. వాటి తూకం వేరు, అంతే.

నామినేషన్ విషయంలోనూ ఊరి ప్రభావం ఉంది. ఎంవీపీకి ఇప్పటికే ఎంవీపీ అయినవాళ్లో, మైక్రోసాఫ్ట్ ఉద్యోగో మీ పేరు సూచించాలి. అంటే మీ పనిని వాళ్లలో ఒకరు చూసి ఉండాలి. 1998 నుంచీ మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ ఉన్న హైదరాబాద్‌లో అలాంటివాళ్లు మీటప్‌లో టీ తాగుతూ తగులుతారు. మనకు వందేభారత్ ఎక్కినా ఎనిమిదిన్నర గంటలు. ఆన్‌లైన్ సెషన్లు ఎక్కువయ్యాక ఈ దూరం కొంత తగ్గింది. రుషికొండ మీద ఆఫీసులు నిండేకొద్దీ ఇంకా తగ్గాలి.

ఈలోగా ఇంకో రకం ఈమెయిళ్లు వస్తుంటాయి. ‘దేశంలోని టాప్ టెన్ డేటా లీడర్లలో మీరొకరుగా ఎంపికయ్యారు, ప్రాసెసింగ్ ఫీజు ఇంత’ అని. పైన చెప్పుకున్న కంపెనీల బిరుదుల్లో దేనికీ ఎంపికైనవాళ్లు ఫీజు కట్టరు. ఎదుటివాళ్ల రెజ్యూమెలో బిరుదు కనిపిస్తే సరిచూడటం కూడా సులువే. ప్రస్తుత ఎంవీపీల పేర్లు మైక్రోసాఫ్ట్ సైట్‌లో వెతికితే దొరుకుతాయి, క్రెడ్లీ (డిజిటల్ బ్యాడ్జీలు ఉంచే సైట్) బ్యాడ్జి నొక్కితే ఎవరిచ్చారో, ఎప్పటిదో చూపిస్తుంది. పేరు లేకపోతే వెంటనే అబద్ధమనుకోనక్కర్లేదు, ఒక ఏడాది ఉండి తర్వాత రెన్యూ కాకపోయి ఉండొచ్చు. ఏ సంవత్సరానిదో రాయకపోతే మాత్రం అడగాలి. పక్కనే ఇంకొకటి కూడా అడగండి: మీరు రాసినవాటిలో ఎక్కువమందికి పనికొచ్చింది ఒకటి తెరిచి చూపించండి, అందులో లెక్క ఎందుకలా వచ్చిందో ఇప్పుడు మాకు చెప్పండి అని.